లెవెలింగ్ కిట్ చాలా, సస్పెన్షన్ లిఫ్ట్ కావాలా? పికప్ లేపించే ముందు తేల్చుకోవాల్సినవి

కొత్త పికప్‌ను పక్కనుంచి చూస్తే ముక్కు కిందికి, తోక పైకి ఉన్నట్టు కనిపిస్తుంది. ఫోర్డ్ ఎఫ్-150 అయినా, షెవీ సిల్వరాడో అయినా, టొయోటా టకోమా అయినా దాదాపు అంతే. ముందు వైపు కంటే వెనక ఒకటి నుంచి మూడు అంగుళాల దాకా ఎత్తులో ఉంటుంది. అమెరికాలో దీన్ని రేక్ అంటారు. కంపెనీవాళ్ళు లెక్క తప్పి అలా వదిలేయలేదు. వెనక సామాను వేసే తొట్టిలో, అంటే బెడ్‌లో, వెయ్యి పౌండ్ల సరుకు వేసినా, వెనక ట్రెయిలర్ తగిలించినా వెనక స్ప్రింగులు కుంగుతాయి. బరువు పడ్డాక బండి సమానంగా నిలబడాలి కాబట్టి, ఖాళీగా ఉన్నప్పుడు వెనక కాస్త ఎత్తు ఉంచుతారు.

రోజూ ఖాళీ బెడ్‌తో తిరిగేవాళ్ళకు ఆ వాలు నచ్చదు. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా వైపు మనవాళ్ళ డ్రైవ్‌వేలలో పికప్ కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. ఆఫీసు, కాస్ట్‌కో, పిల్లల సాకర్ ప్రాక్టీసు, ఎప్పుడైనా హోమ్ డిపో నుంచి మల్చ్ సంచులు. చాలా ట్రక్కులు చేసే పని ఇంతే. ముక్కు కొంచెం లేపితే బాగుంటుందని షాపుకు వెళ్తే రెండు కొటేషన్లు చేతిలో పెడతారు. ఒకటి ముక్కును మాత్రమే లేపే, నాలుగైదు వందల డాలర్లలో అయిపోయే లెవెలింగ్ కిట్. ఇంకొకటి ముందూ వెనకా లేపే, టైర్లు, చక్రాలతో కలిపి ఆరేడు వేలకు పోయే సస్పెన్షన్ లిఫ్ట్. ఇంత తేడా ఎందుకో షాపులో సరిగ్గా చెప్పేవాళ్ళు తక్కువ.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఎన్ని అంగుళాలు లేపాలి అన్న దగ్గర మొదలుపెట్టకండి. ఏ సైజు టైరు వేయాలి, వెనక ఏం లాగాలి అన్న రెండు ప్రశ్నలకు ముందు జవాబు చూసుకోండి. 33 అంగుళాల ఎత్తున్న టైరు చాలనుకుంటే లెవెలింగ్. 35 లేకపోతే కుదరదనుకుంటే లిఫ్ట్. బరువైన ట్రెయిలర్‌ను తరచూ లాగుతుంటే రెండూ వద్దనుకోవడం కూడా మంచి నిర్ణయమే.

బండి కింద ఏం మారుతుంది

లెవెలింగ్ కిట్ అంటే ముందు భాగాన్ని మాత్రమే ఒకటిన్నర నుంచి రెండున్నర అంగుళాలు లేపే పని. ఎఫ్-150, సిల్వరాడో 1500 లాంటి హాఫ్-టన్ ట్రక్కుల్లో ముందు వైపు రెండు చక్రాలూ విడివిడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంటుంది. అందులో స్ప్రింగు, దాని ఊపును అణిచే షాక్ కలిసి ఒకే స్ట్రట్‌గా ఉంటాయి. దాని పైన ఒక అల్యూమినియం బిళ్ళ పెట్టి బిగిస్తే ముక్కు లేస్తుంది. కిట్ తెరిచి చూసి, రెండంగుళాలని చెప్పి అంగుళం మందం బిళ్ళే పంపారేమిటని కంగారు పడేవాళ్ళున్నారు. మోసమేమీ లేదు. స్ట్రట్ అడుగు భాగం, చక్రాన్ని ఫ్రేముకు కలిపే చెయ్యిలాంటి కంట్రోల్ ఆర్మ్‌కు దాదాపు మధ్యలో తగులుకుని ఉంటుంది. అక్కడ అంగుళం తోస్తే, ఆర్మ్ చివర ఉన్న చక్రం దగ్గర సుమారు రెండంగుళాలు వస్తుంది.

సస్పెన్షన్ లిఫ్ట్ దీనికి పెద్దన్న కాదు, వేరే పనే. నాలుగు, ఆరు అంగుళాల లిఫ్టులో ముందు సస్పెన్షన్ మొత్తాన్ని ఫ్రేము నుంచి కిందికి దించుతారు. ఫ్రేముకు అడ్డంగా బిగించే కొత్త క్రాస్‌మెంబర్లు వస్తాయి. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే ముందు డిఫరెన్షియల్‌ను బ్రాకెట్లతో కిందికి జరుపుతారు. చక్రం తిరిగే నకిల్ మారుతుంది, మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్వే బార్ లింకులు మారతాయి, బ్రేక్ గొట్టాలకు కొత్త బ్రాకెట్లు పడతాయి. వెనక లీఫ్ స్ప్రింగులున్న బండికి యాక్సిల్‌కూ స్ప్రింగుకూ మధ్య దిమ్మె పెట్టడమో, కొత్త కమాను కట్టలు వేయడమో చేస్తారు. నాలుగు వైపులా షాకులు పొడవైనవి కావాలి. కొన్ని కిట్లలో ఫ్యాక్టరీ బ్రాకెట్లను కోసేయాల్సి వస్తుంది. ఒకసారి కోశాక మళ్ళీ పాత ఎత్తుకు తీసుకురావడం మాటల్లో అయ్యేది కాదు. లీజు మీద తీసుకున్న ట్రక్కుకు లిఫ్ట్ ఆలోచనే వద్దు.

ఇంత తంతు ఎందుకంటే కోణాల కోసం. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులో ముందు డిఫరెన్షియల్ నుంచి చక్రానికి సీవీ యాక్సిల్ అనే ఇరుసు వెళ్తుంది. డిఫరెన్షియల్‌ను ఉన్నచోటే ఉంచి చక్రాన్ని కిందికి తోసేకొద్దీ ఆ యాక్సిల్ వంపు పెరుగుతుంది. రెండంగుళాల దాకా చాలా బండ్లు తట్టుకుంటాయి. మూడు దగ్గరకు వచ్చేసరికి రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి రావడం, మలుపుల్లో టకటక చప్పుడు మొదలవుతాయి. లిఫ్ట్ కిట్ డిఫరెన్షియల్‌ను కూడా కిందికి దించుతుంది కాబట్టి, ఆరంగుళాలు లేచినా యాక్సిల్ కోణం దాదాపు ఫ్యాక్టరీలో ఉన్నట్టే ఉంటుంది. మీరు వేలల్లో డబ్బు కట్టేది ఆ జ్యామితికే. అందుకే మంచి ఆరంగుళాల లిఫ్ట్ మీద నాకు అనుమానం లేదు కానీ, బిళ్ళలతోనే మూడున్నర అంగుళాలు తెచ్చిస్తామనే చవక కిట్ అంటే మాత్రం భయం.

ఎత్తు పెరిగితే క్లియరెన్స్ పెరిగినట్టేనా

ఇక్కడే చాలామంది పొరబడతారు. పికప్ వెనక యాక్సిల్ సాధారణంగా ఒకే దూలంలా ఉంటుంది. మధ్యలో గుండ్రటి డిఫరెన్షియల్ వేలాడుతుంది. బండి కింద నేలకు దగ్గరగా ఉండేవాటిలో అదొకటి. లిఫ్ట్ వేసినప్పుడు ఆ యాక్సిల్ పైన ఉన్న ఫ్రేము, బెడ్, క్యాబిన్ లేస్తాయి. యాక్సిల్ మాత్రం టైర్ల మీదే కూర్చుని ఉంటుంది. ఆరంగుళాల లిఫ్ట్ వేసి పాత టైర్లే ఉంచితే వెనక డిఫరెన్షియల్ నేల నుంచి వెంట్రుకవాసి కూడా పైకి పోదు.

దాన్ని పైకి లేపేది టైరే. అదీ సగం లెక్కన. 32 అంగుళాల టైరు తీసి 35 వేస్తే తేడా మూడంగుళాలు, యాక్సిల్ లేచేది ఒకటిన్నర. 33 వేస్తే అర అంగుళం. కాబట్టి లిఫ్ట్ అసలు పని పెద్ద టైరుకు చోటు చేయడం. పెద్ద టైరు వేసే ఉద్దేశం లేనివాళ్ళు ఆరంగుళాల లిఫ్ట్ కొంటే వాళ్ళకు దక్కేది చూపు మాత్రమే. చూపు కోసం ఖర్చు పెట్టడం తప్పని నేను అనను, ఎవరిష్టం వాళ్ళది. ఆఫ్‌రోడ్‌కు పనికొస్తుందని మనల్ని మనం నమ్మించుకోకుండా ఉంటే చాలు.

లెవెలింగ్‌తో ముక్కు లేస్తుంది కాబట్టి ముందు బంపరు రాళ్ళకు తగలకుండా ఎక్కే కోణం మెరుగవుతుంది. టెక్సాస్‌లో బిగ్ బెండ్ నేషనల్ పార్కు లోపల ఓల్డ్ ఓర్ రోడ్ లాంటి రాళ్ళ దారులున్నాయి. హై క్లియరెన్స్ ఉన్న బండ్లకే అని పార్కువాళ్ళు చెప్పే దారులవి. అలాంటివాటికి ఫోర్ వీల్ డ్రైవ్, మంచి ఆల్ టెరైన్ టైర్లు, కాస్త లేచిన ముక్కు ఉంటే సరిపోతుంది. ఏడాదికి ఒకసారి వెళ్ళే ఆ దారి కోసం మిగతా రోజులన్నీ ఆరంగుళాల లిఫ్ట్‌ను హైవే మీద మోయడం నాకైతే లెక్కకు రాదు.

లెవెలింగ్‌లోనూ రకాలున్నాయి

చవకైనది స్ట్రట్ పైన పెట్టే బిళ్ళ. యాభై నుంచి నూటయాభై డాలర్లకు దొరుకుతుంది. స్ప్రింగును విప్పక్కర్లేదు. రైడ్ పెద్దగా మారదు. కంట్రోల్ ఆర్ములన్నీ ఇంకాస్త కిందికి వాలి పనిచేస్తాయి కాబట్టి, చక్రం గుంతలోకి పూర్తిగా దిగినప్పుడు ఆర్మ్‌ను చక్రానికి కలిపే బాల్ జాయింట్ మీద, సీవీ యాక్సిల్ మీద పడే కోణం ఎక్కువవుతుంది.

రెండో రకం బిళ్ళ స్ట్రట్ లోపల, స్ప్రింగును నొక్కి పట్టేలా కూర్చుంటుంది. దీన్ని ప్రీలోడ్ స్పేసర్ అంటారు. ఇందులో చక్రం కిందికి దిగే హద్దు ఫ్యాక్టరీలో ఉన్నంతే ఉంటుంది. బండి మాత్రం రెండంగుళాలు పైకి లేచింది. అంటే కిందికి దిగడానికి మిగిలిన ప్రయాణం రెండంగుళాలు తగ్గింది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు నుంచి టక్కుమని చప్పుడు వస్తోందని కొందరు చెప్పేది దీని గురించే. దీన్ని బిగించాలంటే స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కి స్ట్రట్ విప్పాలి. వీడియో చూసి గ్యారేజీలో సొంతంగా చేసుకునే పని కాదిది. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే ప్రాణాల మీదికి వస్తుంది.

మూడోది, నేను ఇష్టపడేది, షాకులనే మార్చేయడం. బిల్‌స్టీన్ 5100 లాంటివాటిలో షాక్ ఒంటి మీద గాడులుంటాయి. క్లిప్పును ఏ గాడిలో పెడితే ఆ ఎత్తుకు స్ప్రింగు కూర్చుంటుంది. ఇదీ స్ప్రింగును నొక్కే పద్ధతే. తేడా ఏమిటంటే ఇక్కడ షాక్ ఆ ఎత్తుకు తగ్గట్టు తయారైంది. ఇంకొంచెం పెట్టగలిగితే బిల్‌స్టీన్ 6112 లాంటి సెట్లలో స్ప్రింగులు కూడా కొత్తవే వస్తాయి. ట్రక్కు అరవై, డెబ్భై వేల మైళ్ళు తిరిగి ఉంటే ఫ్యాక్టరీ షాకులు ఎలాగూ అలసిపోయి ఉంటాయి. వాటి మీద బిళ్ళ పెట్టి లేపేకంటే ఆ డబ్బు షాకుల్లో పెట్టడమే మంచిది.

ఒక్క మాట, వీటిని ఒకదాని మీద ఒకటి పేర్చకండి. బిళ్ళ పైనా, లోపలా, దానికి తోడు 5100 పై గాడిలో. ఇలా చేసినవాళ్ళకు బాల్ జాయింట్లు ముందుగానే పోతాయి. రెండంగుళాలు దాటాక పై కంట్రోల్ ఆర్మ్‌లు కూడా మార్చుకోవడం మంచిది. కొన్ని ట్రక్కుల్లో ఫ్యాక్టరీ ఆర్మ్ చక్రం పూర్తిగా దిగినప్పుడు స్ప్రింగుకు తగులుతుంది. ఆర్మ్‌ల జతకు ఇంకో నాలుగైదు వందల నుంచి ఎనిమిది వందల డాలర్ల దాకా అవుతుంది. కొటేషన్‌లో అది లేకపోతే అడగండి.

మీ బండి ఏ రకమో కూడా చూసుకోవాలి. సిల్వరాడో ట్రైల్ బాస్, జీఎంసీ సియెరా ఏటీ4 ఫ్యాక్టరీ నుంచే రెండంగుళాలు లేచి వస్తాయి. వాటి మీద ఇంకో రెండంగుళాల బిళ్ళ వేస్తే అందరికీ రెండు, మీకు నాలుగు అయినట్టు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న రామ్ 1500కు ఈ స్ప్రింగు బిళ్ళల లెక్కలేవీ వర్తించవు. ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500 ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు ముందు కూడా ఒకే దూలంలాంటి యాక్సిల్ ఉంటుంది. అక్కడ స్ప్రింగు దగ్గర బిళ్ళ పెడితే ముక్కు లేవడంతో పాటు యాక్సిల్ కాస్త పక్కకు జరుగుతుంది, స్టీరింగ్‌ను తిన్నగా నిలిపే కాస్టర్ కోణం తగ్గుతుంది. స్టీరింగ్ భాగాలు అరిగి ఉన్న బండిలో దీనివల్ల హైవే మీద ముందు చక్రాలు ఒక్కసారిగా ఊగిపోయే ప్రమాదం పెరుగుతుంది. డెత్ వాబుల్ అంటే అదే. షెవీ, జీఎంసీ 2500 బండ్లలో స్ప్రింగుకు బదులు మెలిపడే టార్షన్ బార్ అనే కడ్డీ ఉంటుంది కాబట్టి వాటికి బిళ్ళలకు బదులు ఆ కడ్డీని పట్టి ఉంచే టార్షన్ కీ అనే ముక్కలు మారుస్తారు. మూడూ లెవెలింగ్ కిట్లే అయినా పని మాత్రం మూడు రకాలు.

35 అంగుళాల టైరు అసలు ఖరీదు

లిఫ్ట్ కిట్ ధర పదిహేను వందల నుంచి మూడు వేలు అనుకుందాం. బిగించడానికి ఒక పూట చాలదు, కూలి వెయ్యి నుంచి పద్దెనిమిది వందల దాకా అవుతుంది. అక్కడితో ఆగితే బాగుండు. 35 టైర్లు నాలుగూ కలిపి పదిహేను వందలు దాటతాయి. చాలా లిఫ్టుల్లో కొత్త నకిల్‌కు ఫ్యాక్టరీ చక్రం సరిపోదు, కాబట్టి కొత్త చక్రాలు. బెడ్ కింద స్పేర్ టైరు పెట్టే చోట 35 పట్టకపోవచ్చు. పట్టకపోతే దారిలో పంక్చరైన రోజు చిన్న టైరుతో ఇల్లు చేరాలి.

ఆ తర్వాత గేర్లు. 3.55 యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒకసారి తిరగడానికి ఇంజన్ వైపు షాఫ్టు 3.55 సార్లు తిరిగే లెక్క) ఉన్న బండికి 32 తీసి 35 వేస్తే ఇంజన్‌కు అది 3.25 లాగా అనిపిస్తుంది. బండి మందగిస్తుంది, గేరుబాక్సు ఎక్కువసార్లు గేర్లు వెతుక్కుంటుంది, లాగే బలం తగ్గుతుంది. కంప్యూటర్‌లో టైరు సైజు మార్చకపోతే స్పీడోమీటర్ 60 చూపించినప్పుడు మీరు నిజానికి 65 దాటి పోతుంటారు. టికెట్ రాసే పోలీసుకు ఈ లెక్క వివరించినా ఉపయోగం ఉండదు. పాత బలం తిరిగి రావాలంటే ముందూ వెనకా రెండు డిఫరెన్షియల్స్‌లోనూ గేర్లు మార్చాలి. దానికి ఇంకో రెండు మూడు వేలు. టెన్ స్పీడ్ గేరుబాక్సున్న కొత్త బండ్లు ఈ లోటును కొంత దాచేస్తాయి. ట్రెయిలర్ తగిలించాక మాత్రం బయటపడుతుంది.

టైరు బరువు, వెడల్పు పెరిగాయి కాబట్టి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది. బండి బరువు పైకి జరిగింది కాబట్టి మలుపుల్లో ఒరుగుతుంది. ఇవి చెడ్డ లిఫ్టు లక్షణాలు కావు. మంచి లిఫ్టుకూ ఉంటాయి.

లెవెలింగ్ వైపు లెక్క చాలా చిన్నది. కిట్, కూలి, అలైన్‌మెంట్ కలిపి నాలుగైదు వందలు. షాకులతో సహా అయితే వెయ్యి, పదిహేను వందలు. ఎఫ్-150కి 275/65ఆర్18 టైరు ఫ్యాక్టరీలో వచ్చి ఉంటే దాని ఎత్తు సుమారు 32 అంగుళాలు. దానిబదులు 275/70ఆర్18 వేస్తే 33 దాటుతుంది, అదే చక్రం సరిపోతుంది, వెడల్పు మారదు కాబట్టి లోపల రాసుకునే అవకాశం తక్కువ. నా దృష్టిలో పికప్ యజమానుల్లో ఎక్కువమందికి సరైన కలయిక ఇదే.

ఎవరూ చెప్పని హెడ్‌లైట్ల సంగతి

ఈ ఒక్క విషయంలో లెవెలింగే లిఫ్ట్ కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. లిఫ్ట్ ముందూ వెనకా కలిపి లేపుతుంది. లెవెలింగ్ ముక్కును మాత్రమే లేపుతుంది, అంటే బండి మొత్తం వెనక్కి వాలుతుంది. నాలుగు తలుపుల క్యాబిన్, పొట్టి బెడ్ ఉన్న ఎఫ్-150 సూపర్‌క్రూలో ముందు, వెనక చక్రాల మధ్య దూరం సుమారు 145 అంగుళాలు. ముందు రెండంగుళాలు లేస్తే వచ్చే వాలు డిగ్రీ కంటే తక్కువే. కానీ ఆ వాలుకు వంద అడుగుల దూరంలో లైటు అడుగు పైనే ఎత్తుకు కొడుతుంది. ఎదురుగా వచ్చే కారు డ్రైవరు కళ్ళలోకి. లైట్లు సర్దడానికి చాలా బండ్లలో ఒక స్క్రూ తిప్పితే చాలు, పది నిమిషాల పని. చేయించేవాళ్ళు అరుదు.

బంపరులో ఉండే రాడార్‌కూ ఇదే వాలు తగులుతుంది. ముందు బండిని చూసి వేగం తగ్గించే క్రూజ్, తనంతట తానే పడే బ్రేకు ఆ రాడార్ మీద, అద్దం వెనక ఉండే కెమెరా మీద ఆధారపడతాయి. ఎత్తు మార్చాక వాటిని మళ్ళీ క్యాలిబ్రేట్ చేయాలా, ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది అన్నది బిగించే ముందే అడగండి. ఇంటికి వచ్చాక డ్యాష్‌బోర్డులో హెచ్చరిక వెలిగితే టెన్షన్ మీది, షాపుది కాదు.

ట్రెయిలర్ లాగేవాళ్ళకు

ఆరు వేల పౌండ్ల పడవో, క్యాంపరో లాగితే అందులో పది నుంచి పదిహేను శాతం, అంటే ఆరు నుంచి తొమ్మిది వందల పౌండ్లు నేరుగా ట్రెయిలర్ తగిలించే హిచ్ మీద పడుతుంది. ఫ్యాక్టరీ రేక్ ఉన్న బండి ఆ బరువుకు సమానంగా నిలబడుతుంది. లెవెలింగ్ చేసిన బండి తోక కుంగి, ముక్కు ఆకాశం వైపు చూస్తుంది. ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది. లైట్ల సంగతి పైన చెప్పిందే, ఇప్పుడు రెట్టింపు. బరువును ముందు చక్రాలకూ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడటమో, వెనక స్ప్రింగులకు తోడుగా గాలి నింపే ఎయిర్ బ్యాగులు పెట్టించుకోవడమో చేయాలి. ఏ బ్యాగు పెట్టినా బండి మోయగల బరువు పెరగదు. అది డ్రైవర్ తలుపు దగ్గర పసుపు స్టిక్కర్ మీద రాసి ఉన్నదే. లిఫ్ట్ కిట్ ఇనుము, పెద్ద టైర్ల బరువు కూడా ఆ లెక్కలోంచే తీసేయాలి.

ఆరంగుళాల లిఫ్ట్ వేసిన బండికి హిచ్ కూడా అంత ఎత్తుకు పోతుంది. ట్రెయిలర్ సమానంగా ఉండాలంటే బాగా కిందికి వంగిన బాల్ మౌంట్ కావాలి. దానివల్ల హిచ్ మీద మెలి ఒత్తిడి పెరుగుతుంది. నిజంగా పనికి ట్రక్కు వాడేవాళ్ళు, నిర్మాణ కంపెనీల బండ్లు ఎక్కువగా ఫ్యాక్టరీ ఎత్తులోనే ఎందుకు తిరుగుతాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంట్లో వాళ్ళు, గ్యారేజీ

ఎఫ్-150 ఫోర్ వీల్ డ్రైవ్ ఎత్తు సుమారు 77 అంగుళాలు. చాలా ఇళ్ళ గ్యారేజీ తలుపు ఏడడుగులు, అంటే 84. ఆరంగుళాల లిఫ్ట్, 35 టైర్లతో వచ్చే మరో ఒకటిన్నర కలిపితే 84 దాటేస్తుంది. టేపు తీసుకుని తలుపు ఎత్తు కొలవడం కిట్ బ్రాండ్ వెతకడం కంటే ముందు చేయాల్సిన పని. ఆఫీసు పార్కింగ్ గ్యారేజీ ముందు వేలాడే ఎత్తు బోర్డు కూడా చూసుకోండి. లెవెలింగ్, 33 టైర్లతో పైకప్పు లేచేది అంగుళంన్నర. ఏ గ్యారేజీలోనైనా దాదాపు పాత బండిలాగే దూరుతుంది.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉండే ఇళ్ళలో ఇంకో లెక్క ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు మామూలు పికప్ ఎక్కడానికే పిడి పట్టుకుని ఆగి ఎక్కుతారు. దానికి ఇంకో ఏడంగుళాలు కలపండి. చీర కట్టుకున్న అమ్మ గుడికి బయల్దేరినప్పుడు స్టూలు పట్టుకుని వెంట వెళ్ళాల్సి వస్తుంది. పవర్ స్టెప్పులు పెట్టిస్తే సరిపోతుందనుకోకండి. అవి ఫ్యాక్టరీ ఎత్తుకు తగినంత దూరమే కిందికి దిగుతాయి.

బెడ్ కూడా అంతే. టెయిల్‌గేట్ మీదికి సామాను ఎక్కించే ఎత్తు మామూలు బండిలోనే నడుము దాకా ఉంటుంది. లిఫ్ట్ వేశాక ఛాతీ దగ్గరికి వస్తుంది. వినాయక చవితికి కమ్యూనిటీ గణపతిని మీ ట్రక్కులోనే నిమజ్జనానికి తీసుకెళ్దామని అందరూ అనుకుంటే, విగ్రహం పైకి ఎక్కించేవాళ్ళను కూడా మీరే చూసుకోవాలి.

వారంటీ, చట్టం

కిట్ వేస్తే వారంటీ మొత్తం పోతుందని డీలర్లు తేలిగ్గా అనేస్తారు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం బయటి పార్టు వేసినంత మాత్రాన వారంటీ రద్దు చేయడానికి వీల్లేదు. ఆ పార్టు వల్లే చెడిపోయిందని వాళ్ళు చూపించాలి. రేడియో పాడైతే లెవెలింగ్ కిట్ కారణం కాదు. కానీ సీవీ యాక్సిల్, బాల్ జాయింట్, వీల్ బేరింగ్ పోతే వాళ్ళకు చూపించడం పెద్ద కష్టమేమీ కాదు. అవి మీ జేబులోంచే అనుకుని దిగండి.

ఈ గొడవ వద్దనుకుంటే కంపెనీ సొంత కిట్లున్నాయి. ఫోర్డ్ పెర్ఫార్మెన్స్ ఎఫ్-150కి లెవెలింగ్ కిట్ అమ్ముతుంది. రామ్ సొంత పార్టుల బ్రాండ్ మోపార్ రామ్ 1500కు, షెవీ సిల్వరాడో 1500కు రెండంగుళాల లిఫ్ట్ కిట్లు ఇచ్చాయి. టొయోటా టండ్రాకు కంపెనీ సొంత టీఆర్‌డీ లిఫ్ట్ ఉంది. ధర ఎక్కువే. కొత్త బండి కొనేటప్పుడే డీలర్ దగ్గర బిగించి వారంటీ కాగితాల్లో రాయించుకోవచ్చు, లోన్‌లో కలిపేసుకోవచ్చు. మూడేళ్ళలోపు బండికి నేను ముందు చూసేది వీటినే.

ఎత్తు మీద నిబంధనలు రాష్ట్రానికో రకం. హెడ్‌లైటు నేల నుంచి 22కు తగ్గకుండా, 54 అంగుళాలు మించకుండా ఉండాలన్నది కొత్త బండ్ల తయారీకి ఫెడరల్ ప్రమాణం. పెద్ద లిఫ్టులు ఆ పై గీతకు దగ్గరగా వస్తాయి. ముక్కును బాగా లేపి తోకను నేలకు దించే కరోలినా స్క్వాట్ ఫ్యాషన్‌ను నార్త్ కరోలినా 2021లో, వర్జీనియా 2022లో, సౌత్ కరోలినా 2023లో నిషేధించాయి. మామూలు లెవెలింగ్ ఆ కిందికి రాదు. మీ రాష్ట్రంలో బంపరు ఎత్తుకు, ఫ్రేము ఎత్తుకు హద్దులున్నాయేమో మాత్రం చూసుకోవాలి. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత బండ్లకు ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. బిగించిన పని బాగుందో లేదో ఏడాదికోసారి చూసే ఆ కన్ను కూడా ఇప్పుడు లేదు. ఇన్సూరెన్స్‌వాళ్ళకు చెప్పి, అదనపు పార్టులకు కవరేజీ విడిగా కావాలా అని అడగండి.

ఇండియాలో హైలక్స్, ఇసుజు వీ-క్రాస్ ఉన్న చుట్టాలు ఇక్కడి బండ్ల ఫొటోలు చూసి కిట్ పంపమంటే ఒకసారి ఆలోచించండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది.

షాపులో అడగాల్సినవి

కొటేషన్‌లో అలైన్‌మెంట్ ఉందా అన్నది మొదటిది. ముక్కు లేచాక చక్రాలు నిలబడే కోణాలు, అంటే క్యాంబర్, కాస్టర్, టో మూడూ మారతాయి. అలైన్‌మెంట్ చేయకుండా నడిపితే కొత్త టైర్లు లోపలి అంచునో, బయటి అంచునో కొన్ని వేల మైళ్ళలోనే అరిగిపోతాయి. ముందూ తర్వాతా కొలతలు ఉన్న ప్రింటవుట్ ఇవ్వమనండి. ఇవ్వడానికి నసిగే షాపును వదిలేయండి.

చక్రాన్ని పూర్తిగా కిందికి వదిలినప్పుడు బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ లాగినట్టు బిగుసుకుంటున్నాయేమో బండి షాపు హాయిస్ట్ మీద గాల్లో ఉన్నప్పుడే చూపించమనండి. స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పించి టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడండి. నేరుగా నిలబడ్డప్పుడు బాగున్న టైరు రివర్స్‌లో మలుపు తిప్పితే ఫెండర్ లోపలి ప్లాస్టిక్‌ను గీరుతుంది. ఐదు వందల మైళ్ళ తర్వాత బోల్టులన్నీ మళ్ళీ కంపెనీ చెప్పిన బిగువుకు (టార్క్) బిగించాలి. ఆ పని ఉచితంగా చేస్తారా అని ముందే మాట్లాడుకోండి.

ఇక ఎవరో ముందే లిఫ్ట్ చేయించిన సెకండ్ హ్యాండ్ ట్రక్కు కొంటే మేలు కదా అని అడిగేవాళ్ళున్నారు. లిఫ్టుకు పెట్టిన ఆరేడు వేలు అమ్మేటప్పుడు తిరిగి రావు కాబట్టి, కొనేవాడికి లాభమన్న మాట నిజమే. ఎవరు బిగించారో తెలిపే బిల్లు ఉందా, గేర్లు మార్చారా, లేక 35 టైర్లతోనే పాత గేర్ల మీద నడిపారా అని అడగండి. బండి కిందికి వంగి, వెనక దిమ్మె మీద ఇంకో దిమ్మె పేర్చి ఉంటే అక్కడితో ఆపేయండి. బాగుందనిపిస్తే ధర మాట్లాడే ముందు మీకు తెలిసిన అలైన్‌మెంట్ షాపుకు తీసుకెళ్ళి అక్కడి మెషీన్ మీద ఎక్కించి కొలిపించండి. నూరు డాలర్ల ఆ కాగితంలో కాస్టర్ సర్దుబాటుకు అందనంత దూరం పోయి ఉంటే, పై కంట్రోల్ ఆర్మ్‌ల ఖర్చును అడిగిన ధరలోంచి తగ్గించమని చెప్పండి.